కూలి, కరువు, కాపరి: ఒంగోలు క్లౌ సేవలో విశ్వాసమూ జీవనోపాధీ

ఒంగోలు ప్రాంత క్రైస్తవ సంఘాల చరిత్రలో చెరగని స్థానం పొందిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ స్మృతికి అంకితమైన ఉపన్యాసం ఇది. స్మారకోపన్యాసం అనే సంప్రదాయం ఒక వ్యక్తిని కొనియాడడంతో తృప్తిపడేది కాదనీ, ఆ వ్యక్తి జీవితం లేవనెత్తిన ప్రశ్నను తరువాతి తరం ముందు మళ్లీ నిలబెట్టడం దాని బాధ్యత అనీ సభలోని పెద్దలకు తెలిసినదే. ఆ బాధ్యతను నెరవేర్చే ప్రయత్నంగా ఈ ప్రసంగం క్లౌ జీవితమంతటినీ కాక, 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు కాలంలో ఆయన చేసిన ఒక పనిని, అంటే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి కల్పించిన సంగతిని, ప్రధానంగా పరిశీలిస్తుంది.

ఇక్కడ ప్రతిపాదిస్తున్న విషయం ఒక్కటే. విశ్వాసంతో ప్రేరితుడైన ఒక కాపరి పేదల మధ్య చేసే సేవకు విలువ కట్టవలసింది అతడు పంచిన ధాన్యం లెక్కతో కాదు. ఆ సేవ అందుకున్నవారు దాని నిర్వహణలో ఏ స్థానంలో నిలబడ్డారు, అన్నానికీ విశ్వాసానికీ మధ్య దూరాన్ని ఆ కాపరి ఎంత జాగ్రత్తగా కాపాడాడు అనే రెండు అంశాలతో. క్లౌ కీర్తి సాధారణంగా 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున జరిగిన 2,222 బాప్తిస్మాల మీద ఆధారపడి ఉంటుంది. అయితే ఆ సామూహిక బాప్తిస్మాలకు ముందు గడిచిన సుమారు 15 నెలలలో ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదన్న విషయమే చరిత్రకారుడి దృష్టిని ఎక్కువగా ఆకర్షించవలసినది.

క్రైస్తవ సంఘంలో పేదల పోషణ, ముఖ్యంగా దిక్కులేని వృద్ధుల పోషణ, సంఘం పుట్టుకంత పాతది. అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరవ అధ్యాయం ప్రకారం యెరూషలేములో అనుదిన పంపకంలో గ్రీకు భాషవారి విధవరాండ్రు నిర్లక్ష్యానికి గురవుతున్నారన్న ఫిర్యాదు రావడంతోనే ఏడుగురిని ఆ పనికి ఏర్పాటు చేశారు. పరిచారకులు అనే సంఘ పదవికి మూలం అక్కడ ఉన్నదని సంప్రదాయం చెబుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయం మరో అడుగు ముందుకు వేసి, అరవై ఏళ్లు దాటిన నిరాధార విధవరాలి పేరును సంఘం లెక్కలోకి తీసుకోవాలనీ, పిల్లలో మనుమలో ఉన్నవారి విషయంలో మొదటి బాధ్యత ఆ కుటుంబానిదే అనీ నిర్దేశించింది. అంటే సంఘం తన ఔదార్యంతో కుటుంబ బాధ్యతను తుడిచిపెట్టకూడదు, కుటుంబం ఉన్నదన్న సాకుతో దిక్కులేనివారిని వదలకూడదు. నాలుగవ శతాబ్దంలో కప్పదోకియ ప్రాంతపు కరువులో ధాన్యపు కొట్లు తెరవమని ధనికులకు బోధించి, తరువాత కైసరియ నగరం వెలుపల రోగులకూ పేదలకూ ఆశ్రయ భవనాలు కట్టించిన బిషప్ బాసిల్ మొదలుకొని, 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరిలో రోగుల సేవకు స్త్రీలను తీర్చిదిద్దే సంస్థను నెలకొల్పిన పాస్టర్ థియోడర్ ఫ్లీడ్నర్ దాకా ఈ రెండు నిర్దేశాల మధ్య సమతూకం కోసం వెదుకులాట సాగుతూనే వచ్చింది.

ఈ నేపథ్యంతో పోల్చి చూడదగిన ప్రయోగం స్కాట్లండ్‌లో థామస్ చామర్స్ అనే కాపరి 1819లో గ్లాస్గో నగరంలోని సెయింట్ జాన్స్ పారిష్‌లో మొదలుపెట్టినది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే నివాస ప్రాంతం. చామర్స్ తన పారిష్‌ను చిన్న చిన్న వాడలుగా విభజించి, ఒక్కో వాడకు ఒక పరిచారకుడిని నియమించి, పన్నుల సొమ్ముతో నడిచే పేదల భృతిని పూర్తిగా నిరాకరించి, బంధువుల సాయం, ఇరుగుపొరుగు సాయం, సంఘపు కానుకలు అనే వరుసలో పేదల అవసరం తీరాలని నిర్ణయించాడు. పేదవాడిని పేరుతో ఎరిగి, అతడి ఇంటి గడప తొక్కి, అతడి బంధుబలగాన్ని తెలుసుకున్న తరువాతే సాయం చేయాలన్న సూత్రం ఆ పద్ధతిలోని గొప్పదనం. కానీ వాడ మొత్తం ఒకేసారి ఆకలిలో పడితే ఇరుగుపొరుగు సాయానికి అర్థం ఉండదన్నది ఆ పద్ధతికి ఉన్న పరిమితి. ఒంగోలు తాలూకాలో 1877లో వచ్చిపడిన పరిస్థితి సరిగ్గా అటువంటిదే.

ఆ పరిస్థితి అర్థం కావాలంటే అంతకు ముందున్న గ్రామ వ్యవస్థను కొంత వివరంగా చూడవలసి ఉంటుంది. అప్పటి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో కొత్తగా ఏర్పడి తరువాత ప్రకాశం అనే పేరు పొందిన జిల్లాలోకి అది చేరింది. మెట్ట సేద్యం మీద బతికే ఆ గ్రామాలలో ఊరి వెలుపలి పల్లెలో ఉండే మాదిగ కుటుంబాలు చచ్చిన పశువులను తొలగించడం, తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, బావుల నుంచి నీరు తోడే తోలు బొక్కెనలను తయారుచేసి మరమ్మతు చేయడం, పండుగలకూ చావులకూ డప్పు కొట్టడం, పొలాలలో కూలి చేయడం వంటి పనులన్నీ చేసేవి. ఇందుకు ప్రతిఫలంగా పంట కాలంలో కల్లం దగ్గర రైతు కొలిచి ఇచ్చే ధాన్యపు వాటాను మేర అంటారు. మేర ఒక విధమైన హక్కే అయినా, దాని పక్కనే జీతం లేని వెట్టిచాకిరి కూడా నడిచేది. పని చేయలేని ముసలివారికి ఆ వ్యవస్థలో ప్రత్యేకమైన వాటా ఏదీ లేదు. ఇంట్లో పనిచేసే చేతులు తెచ్చిన మేరలోనే వారి గంజి కూడా ఉండేది. పంట పండని ఏడు కల్లమే ఉండదు గనుక మేర ఉండదు, మేర లేని ఇంట్లో మొదట ఖాళీ అయ్యేది ముసలివారి ముంతే. వృద్ధుల పేదరికాన్ని కుటుంబపు కూలి నుంచి విడదీసి చూడడం వ్యవసాయ కూలీల సమాజంలో ఎన్నటికీ సాధ్యం కాదన్న విషయాన్ని ఈ ఉపన్యాసం నొక్కి చెప్పదలచింది, ఎందుకంటే వృద్ధాశ్రమాల గురించి నేడు జరుగుతున్న చర్చలో ఈ సంబంధం తరచుగా కనుమరుగవుతున్నది.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో చదువుకుని, యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూమిని కొలిచే సర్వే బృందాలలో పనిచేశాడు. 1865లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన చేరిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌కు అప్పటికి ముప్పై ఏళ్ల వయసు ఉన్నప్పటికీ, చేరిన సభ్యులు చాలా తక్కువగా ఉండడంతో దాన్ని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది.

అయితే ఒంగోలు ఉద్యమానికి ఆద్యుడు క్లౌ అని చెప్పడం చరిత్రకు న్యాయం చేయదు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి అంతకు ముందే రాజయోగ సాధన చేసిన జిజ్ఞాసువు. వ్యాపారం కోసం ఉత్తరాన ఉన్న ఊళ్లకు వెళ్లినపుడు క్రైస్తవ బోధ విని, ఒంగోలుకు మిషనరీ వస్తాడని తెలిసి ఎదురుచూసి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొంది, తన బంధువర్గం ఉన్న ఊళ్లన్నిటికీ ఆ బోధను మోసుకెళ్లినవాడు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర బాప్తిస్మం పొందిన 28 మంది పేరయ్య చుట్టూ చేరినవారే. మాదిగలను సంఘంలోకి తీసుకుంటే తాము దూరమవుతామని అగ్రవర్ణాలవారు హెచ్చరించిన వేళ, క్లౌ, ఆయన మొదటి భార్య హ్యారియెట్ వేర్వేరు గదులలో బైబిలు తెరిచి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగాన్ని, లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగాన్ని, చదివారని క్లౌ ఆత్మకథ చెబుతుంది. ఆ నిర్ణయం వారికి ఖరీదైనది. బడిలోని అగ్రవర్ణ విద్యార్థులు వెళ్లిపోయారు.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. ఈ మూడింటినీ కేవలం మతనియమాలుగా చదివితే వాటి సామాజిక భారం కంటికి ఆనదు. ఆదివారం పని మానడమంటే ఏ రోజు పిలిస్తే ఆ రోజు రావాలన్న వెట్టి నియమాన్ని ధిక్కరించడం. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనని చెప్పడమంటే ఊరు తనకు నిర్ణయించిన స్థానాన్ని నిరాకరించడం. ఫలితంగా చాలా ఊళ్లలో పనులు పోయాయి, మేర ఆగింది, దారులూ బావులూ మూసుకున్నాయి. విశ్వాసం తెచ్చిన ఆత్మగౌరవానికి కడుపు మూల్యం చెల్లించవలసి వచ్చిన ఆ సంఘం మీదికే తొమ్మిదేళ్ల తరువాత కరువు వచ్చింది.

1876లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ విఫలం కావడంతో మద్రాసు రాజధానిలో మొదలైన ఈ కరువు 1878 దాకా సాగి దక్షిణ భారతంలో లక్షల సంఖ్యలో ప్రాణాలు బలిగొన్నది. ధాన్యం దేశంలో లేకపోలేదు. ధర పేదవాడికి అందలేదు, కొనుగోలు శక్తి పూర్తిగా నశించింది. వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను ప్రత్యేక ప్రతినిధిగా పంపగా, అతడు సహాయపు పనులలో పురుషుడి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికీ, దానిపై కొద్దిపాటి నగదుకూ తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టి పని చేసే మనిషికి ఈ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించడం, కొన్ని నెలల తరువాత ఆ కూలిని పెంచక తప్పకపోవడం ఆనాటి పాలనా చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టాలు. పని చేయగలవారిని పనులకు, పని చేయలేని వృద్ధులనూ రోగులనూ సహాయ శిబిరాలకో గ్రామాధికారి చేతిమీదుగా అందే భృతికో పంపడం ప్రభుత్వ విధానం. ఈ విభజన కాగితం మీద సబబుగానే కనిపించినా, శిబిరాలంటే ప్రజలకు గొప్ప భయం ఉండేది. పనికి వెళ్లిన కొడుకు ఒకచోట, శిబిరంలో తల్లి మరొకచోట ఉండగా కుటుంబాలు చెదిరిపోయాయి. గ్రామాధికారి చేతిలో ఉన్న భృతి అంటరానివారి పల్లె దాకా చేరడం ఆ అధికారి దయ మీద ఆధారపడింది.

మద్రాసు ఉత్తర తీరం వెంబడి ఉప్పునీటి కాలువను కృష్ణా డెల్టా కాలువలతో కలిపే పని కరువు సహాయపు పనులలో ఒకటి. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరే ఆ కాలువకు వచ్చింది. ఆ పనులలో చేరిన మాదిగ కూలీలను పైకులాల మేస్త్రీలు అటూ ఇటూ తరిమివేయడం, చేసిన పనికి సరైన కొలత వేయకపోవడం వంటి ఫిర్యాదులు క్లౌ దగ్గరికి వచ్చాయి. ఆయన అధికారులకు అర్జీలు పెట్టి ఊరుకోవచ్చు, లేదా అమెరికా నుంచి వచ్చే కానుకలతో గంజి కేంద్రాలు తెరవవచ్చు. ఆయన మూడవ దారి ఎంచుకున్నాడు. యౌవనంలో నేర్చిన సర్వే విద్యను ఆధారం చేసుకుని, ప్రభుత్వం నుంచి మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెల శిబిరం వేయించాడు. ఒక్కోవేళ మూడు వేల మంది దాకా అక్కడ పనిచేశారు. పురుషులు పారలూ గడ్డపారలతో తవ్వగా, స్త్రీలూ పిల్లలూ తట్టలతో మట్టి మోశారు.

ఆ శిబిరం నిర్వహణలోని ముఖ్యాంశం మేస్త్రీల ఎంపిక. క్లౌ తన బోధకులను, అంటే పేరయ్య తరంలో చదవడం నేర్చుకుని ఊరూరా తిరిగి బోధించే మాదిగలను, సుమారు ముప్పై మందిని పని పర్యవేక్షకులుగా నియమించాడు. కొలత వేసేవాడు, హాజరు రాసేవాడు, కూలి లెక్కించి ఇప్పించేవాడు కూలీ కులానికే చెందినవాడు కావడం ఆ తాలూకాలో అంతకు ముందు ఊహకందనిది. తిట్టు లేకుండా, కొలతలో మోసం లేకుండా, కూలి సకాలంలో చేతికి అందుతుందన్న మాట పల్లెల్లో పాకింది. కుటుంబాలు కుటుంబాలుగా తరలివచ్చాయి. కుటుంబం మొత్తం ఒకచోట ఉండి సంపాదించిన కూలిలో పని చేయలేని పెద్దవారి తిండి కూడా ఇమిడి ఉండడం, వారు శిబిరపు కంచె వెనక్కు వెళ్లనవసరం లేకపోవడం ఈ ఏర్పాటులోని మేలు. తిమోతి పత్రిక చెప్పిన కుటుంబ బాధ్యత నెరవేరాలంటే ముందుగా ఆ కుటుంబం చేతిలో కూలి ఉండాలి. చామర్స్ ప్రభుత్వ సొమ్మును తోసిపుచ్చి ఇరుగుపొరుగును నమ్ముకోగా, క్లౌ ప్రభుత్వ సొమ్మును స్వీకరించి దాన్ని పంచే అధికారాన్ని ఇరుగుపొరుగు చేతికే అప్పగించాడు. ఈ తేడా చిన్నదిగా తోచవచ్చు గాని, విస్తృత విపత్తులో మత సంస్థకూ ప్రభుత్వానికీ ఉండదగిన సంబంధానికి ఇంతకంటే మెరుగైన నమూనా ఆ శతాబ్దంలో దొరకడం కష్టం.

పని విరామంలో బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు; ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతి వాగ్దానం చేసే సువార్త వాక్యం మట్టి తట్టలు దించిన మనుషులకు ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. విశ్వాసం ప్రకటించి బాప్తిస్మం అడిగినవారు వందల సంఖ్యలో ఉన్నారు. అయినా క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేయి, బాప్తిస్మం ఇచ్చే చేయి ఒకటే అయినప్పుడు అడిగేవాడి మనసులో ఏమున్నదో అడిగేవాడికే స్పష్టంగా తెలియదన్నది ఆ నిరాకరణ వెనుక ఉన్న వివేకం. అన్నం కోసం మతంలో చేరారన్న నింద ఆ ప్రజల మీద శాశ్వతంగా పడకుండా చూడడం కూడా ఒక కాపరి బాధ్యతే. సంఘ సభ్యుల సంఖ్యను బట్టి మిషన్ల విజయాన్ని కొలిచే కాలంలో, తన మిషన్ మూతపడే ప్రమాదాన్ని ఎరిగిన మనిషి, సుమారు 15 నెలల పాటు ఈ నియమాన్ని పాటించాడు.

1878 మధ్యలో, సహాయ నిధుల పంపకం ముగిసిందనీ ఇక ఇచ్చేదేమీ లేదనీ చెప్పడానికే క్లౌ ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి ప్రజలను పిలిచాడు. సాయం వద్దు, బాప్తిస్మం కావాలని వారు పట్టుపట్టారు. ఊరు ఊరుగా, బోధకులూ పల్లె పెద్దలూ ప్రతి వ్యక్తినీ విచారించి పేర్లు రాసిన తరువాత జూలై 3న ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలబడి, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా స్వయంగా ఇవ్వలేదు. కాలువ మీద కొలత వేసిన చేతులే నదిలో ఆ సంస్కారం నిర్వహించాయన్నది ఈ ఉపన్యాసం దృష్టిలో ఆ రోజు అంకె కన్నా ఎన్నో రెట్లు విలువైన సంగతి. ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు 9 వేలు దాటారు, ఒంగోలు సంఘ సభ్యత్వం 12 వేలు మించింది.

ఈ గాథను విమర్శ లేకుండా స్వీకరించడం సరికాదు. కరువు తీరినంత మాత్రాన, ఊరిలో చేసిన సాయం జ్ఞాపకం చెరిగిపోదు; కూలికీ విశ్వాసానికీ మధ్య గీసిన గీత ఎంత స్పష్టమైనదైనా, కృతజ్ఞత దాన్ని దాటుతుంది. అంతకన్నా బరువైన విమర్శ మరొకటి ఉంది. కాలువ కూలి కుటుంబాలను బతికించింది గాని, భూమిని వారి చేతికి ఇవ్వలేదు. కల్లం మీద రైతు అధికారం కరువు తరువాత కూడా చెక్కుచెదరలేదు. మతం మారినా కులపు గుర్తింపు, కులపు పేదరికం వెంటే వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులను షెడ్యూల్డు కులాల జాబితా వెలుపల ఉంచడంతో, ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల సి సమూహంలో మిగిలారు. వెల్లంపల్లి నదిలో దిగినవారి మునిమనుమల తరానికి కూడా ఈ చిక్కు వీడలేదు.

క్లౌ అనుభవాన్ని సిద్ధాంతంతో జోడించినది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. 1882లోనే ఒంగోలుకు మిషనరీగా వచ్చి, తరువాత బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, 1894లో క్లౌను వివాహమాడిన ఈ విదుషి, న్యూయార్కు మురికివాడ పక్కన పదకొండేళ్లు కాపరిగా పనిచేసి సామాజిక సువార్త అనే ఆలోచనా ధారకు ప్రధాన ప్రవక్తగా నిలిచిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు స్వయానా అక్క. సామాజిక సువార్త అంటే రక్షణ అనేది వ్యక్తి ఆత్మకు మాత్రమే పరిమితం కాదనీ, కూలి, నివాసం, పని గంటలు వంటి వ్యవస్థలు కూడా దాని పరిధిలోకి వస్తాయనీ చెప్పే బోధ. 1910లో క్లౌ మరణించిన తరువాత 1914లో ఆమె వెలువరించిన ఆయన ఆత్మకథలో ఒంగోలు ఉద్యమం సామాజిక క్రైస్తవం అనే పేరుతోనే దర్శనమిస్తుంది. ఆ పుస్తకంలో వినిపించే గొంతులో ఎంత భాగం క్లౌది, ఎంత భాగం ఎమ్మాది అని తేల్చడం కష్టం గనుక చరిత్రకారుడు దాన్ని జాగ్రత్తగా చదవాలి. మాదిగ పల్లె పెద్దల పంచాయతీని, సమిష్టిగా నిర్ణయించుకునే అలవాటును నాశనం చేయకుండా దాని మీదే సంఘాన్ని కట్టాలన్న ఆ గ్రంథంలోని వాదం మాత్రం రాజుపాలెం అనుభవం నుంచి నేరుగా వచ్చినదని నమ్మవచ్చు.

నేటి పరిస్థితి వేరు. వృద్ధాప్య పింఛను ప్రభుత్వ బాధ్యతగా స్థిరపడింది. తల్లిదండ్రుల పోషణను 2007 నాటి కేంద్ర చట్టం పిల్లల మీద విధిగా ఉంచింది. అయినా వేలిముద్ర పడక పింఛను ఆగిన అవ్వకు, వలస వెళ్లిన కొడుకు నుంచి నెలల తరబడి కబురు లేని తాతకు, చట్టానికీ వారి గుడిసెకూ మధ్య నడిచే మనిషి అవసరం తీరలేదు. ఆ మనిషిగా నిలబడుతున్న పల్లె కాపరులు కోస్తా జిల్లాలలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి జీతం కూడా సంఘపు పిడికెడు బియ్యం నుంచే వస్తుంది. వృద్ధాశ్రమం కట్టాలన్న ఉత్సాహం ప్రశంసనీయమే. అయితే దాని నిర్వాహక సంఘంలో ఆ పల్లెవారే ఎందరున్నారు, లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉన్నది, ఆశ్రయం పొందినవారు ప్రార్థనకు రాకపోతే వారి కంచంలో తేడా వస్తుందా అన్న మూడు ప్రశ్నలను రాజుపాలెం శిబిరం ప్రతి సేవా సంస్థ ముందూ ఉంచుతుంది.

చివరిగా పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. పేరయ్య జీవితంలో కొంత భాగం 1899లో ఎమ్మా ఇంగ్లీషులో ప్రచురించిన కథనాల పుస్తకం వల్ల మిగిలింది. కాలువ మీద పర్యవేక్షకులుగా పనిచేసిన ఆ ముప్పై మంది బోధకులలో మిగిలినవారి ఊళ్లు, ఇంటిపేర్లు, వారు కరువులో పోగొట్టుకున్నవారి వివరాలు తెలుగులో ఒకచోట చేరలేదు. పాత సంఘ పుస్తకాలు చెదలు పట్టకముందే, వారి మనుమలూ మునిమనుమలూ ఇంకా గుర్తుంచుకున్న కుటుంబ కథనాలు ఆ వయోవృద్ధులతో పాటే వెళ్లిపోకముందే, ఊరు ఊరుగా తిరిగి వాటిని నమోదు చేయవలసిన పని ఈ సభలోని యువతరం కోసం ఎదురుచూస్తున్నది. తాళ్లకొండపాడు, రాజుపాలెం, వెల్లంపల్లి గ్రామాలతో దాన్ని మొదలుపెట్టవచ్చు.